లాభము, రెండు, మూడు

పాఠశాల వార్షిక సంచికకు నేదైన నొక వ్యాసము పంపవలసినదని వచ్చిన జాబును జూచి మేము కొంత సందేహించితిమి. కథ వ్రాయుట మాకు రాదు. పద్యమా, మా పద్యములను జూచి తెలుగు పండితులుగా రెట్లు కన్నులు మూసికొనెడివారో నేటికిని జ్ఞప్తియందున్నది. కడకు మేము దినదినము చేయు పనిని గూర్చియే వ్రాయుదమని నిశ్చయించుకొంటిమి. ఆ పనిలో మేము చేసిన యొక తప్పును, దాని వలన నేర్చిన కొంత జీవశాస్త్రమును, అది మా యింటి గడపకే వచ్చిన విధమును ఇందు జెప్పెదము.

మాది ములకలపల్లి. పూర్వము ఖమ్మము జిల్లాలోని యీ యడవియంచు మండలము 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో జేరియున్నది. పాఠశాల విడిచిన పిదప మేము కంప్యూటరు విద్య నభ్యసించి హైదరాబాదునం దొక కార్యాలయమున గుదిరితిమి. రక్తపరీక్షలనుండి వచ్చు జన్యుసమాచారమును పట్టికలుగా గూర్చుట మా పని. జీవశాస్త్రముతో మాకుగల ఋణము మందారపువ్వు బొమ్మ వేసి భాగముల పేర్లు వ్రాయుటతోనే తీరిన దనుకొని యుంటిమి. అక్షరములు వచ్చును, వానిని వరుసగా నమర్చుదుము, జీతము వచ్చును. పూర్వము అచ్చుకూటములలో భాష రాకయే సీసపుటక్షరములను బేర్చు కంపోజిటరు లుండెడివారందురు. మేమును అట్టి కంపోజిటరులమే.

మేము పేర్చు లిపిలో నక్షరములు నాలుగే: ఏ, టీ, జీ, సీ. అడినైను, థైమిను, గ్వానిను, సైటోసిను అను నాలుగు రసాయనపదార్థముల పేర్లకు ఇవి మొదటి యక్షరములు. మనుష్యుని దేహమున నించుమించు ప్రతి కణమునందును ఈ లిపిలో వ్రాయబడిన గ్రంథము రెండేసి ప్రతులుగా నుండును. ఒకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల యక్షరములు. దీనికే డి.ఎన్.ఏ. యని పేరు. అక్షరముల నెట్లు చదువవలెనో మాత్రము మాకు జెప్పినవారు లేరు, మే మడిగినదియు లేదు.

చదువు విధము సులభమే. మూడేసి యక్షరముల కొక మాట చొప్పున చదువవలెను. బాలురకు దెలియుటకై యొక తెలుగు వాక్యమును వ్రాయుచున్నాము: కమల పడవ నడిపె. మూడు మాటలు, మాటకు మూడేసి యక్షరములు. నడుమ జాగా విడువక కలిపి వ్రాసినను మూడేసి చొప్పున విడదీయువానికి అర్థమగును. ఇందు ‘వ’కు బదులు ‘క’ పడినచో కమల పడవను గాక పడకను నడుపును; ఒక్క మాట చెడినది, తక్కినవి నిలిచినవి. అట్లుగాక ‘ల’ జారిపోయినచో ‘కమప డవన డిపె’ యగును. అచటినుండి తుదివఱకు నొక్క మాటయు మిగులదు. మన యూరి పేరునందును సరిగా నారక్షరములు గలవు. ‘ములక, లపల్లి’ యని చదువవలసినదానిని ఒక్క యక్షరము దాటి మొదలుపెట్టినచో ‘లకల’ యను నెన్నడును వినని మాట పుట్టును. ఎచట మొదలిడవలెనో తెలియనివానికి అక్షరములన్నియు సరిగా నున్నను అర్థము దొరకదు.

నాలుగక్షరములతో మూడక్షరముల మాటలు 64 మాత్రమే యగును. అందు 61 మాటలు 20 విధములైన అమైనో ఆమ్లములను సూచించును. తక్కిన మూడును ‘ఇక నాపుము’ అను గురుతులు. తహశీలు కచేరిలో అసలు దస్త్రము బీరువా దాటకుండగా రైతు చేతికి నకలు మాత్రము వచ్చునట్లు, జన్యువు కణకేంద్రమును విడువక తన నకలును వెలుపలికి బంపును. ఆ నకలు ఆర్.ఎన్.ఏ. అందు టీ కి బదులు యూ యుండును. రైబోసోము అను యంత్రము ఆ నకలును చదువుచు అమైనో ఆమ్లములను పూలవలె దండ గ్రుచ్చును. ఆ దండ ముడుచుకొని యొక రూపు దాల్చినచో ప్రోటీను. మన యెఱ్ఱ రక్తకణము పక్వమగుసరికి తన కణకేంద్రమునే పోగొట్టుకొనును. కచేరి మూతపడిన పిదప నకళ్ళతో జరుపుకొనిన సంసారము దానిది. కావున రక్తమునుండి డి.ఎన్.ఏ. తీసితిమని చెప్పునపుడు అది తెల్లకణములనుండి తీసినదని యెఱుగవలెను. ఈ సంగతి మాకు ఉద్యోగమున రెండేండ్లు గడచిన పిదప దెలిసినది.

రక్తమునకు ఎఱుపు నిచ్చి ప్రాణవాయువును మోయు ప్రోటీను హిమోగ్లోబిను. ఇది నాలుగు దండల కట్ట: 141 పూసల ఆల్ఫా దండలు రెండు, 146 పూసల బీటా దండలు రెండు. బీటా దండలో నాఱవ పూస గ్లుటామికు ఆమ్లము. దానిని సూచించు మాట జీఏజీ. కొందరియం దీ మాట జీటీజీ యగును. నడిమి యక్షర మొక్కటి మాఱినది, అంతే. అపుడు గ్లుటామికు ఆమ్లము పోయి ఆ స్థానమున వాలీను వచ్చును. మొదటిది నీటితో బొత్తు కలుపునది. రెండవది నీటిని రోయునది. ప్రాణవాయువును విడిచిన తోడనే యీ వాలీను ప్రక్కనున్న హిమోగ్లోబినును బట్టుకొనును, అది మఱియొకదానిని బట్టుకొనును. ఇట్లు పొడవైన నారలేర్పడి గుండ్రని కణమును కొడవలివలె వంచును. సామాన్యముగా 120 దినములు బ్రతుకు ఎఱ్ఱకణము ఇట్టివారిలో 10 మొదలు 20 దినములలో నశించును. వంగిన కణములు సన్నని నాళములలో జిక్కుకొని, కీళ్ళను, ఎముకలను, ఱొమ్మును బట్టి పీడించు నొప్పిని గలిగించును. దీనికే కొడవలికణ వ్యాధి, లేక సికిల్‌సెల్ యని పేరు.

న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయమును మన పాఠశాలలో జదువనివా రుండరు. యొర్దాను రేవులయొద్ద గిలాదువారు ఎఫ్రాయిమీయులను ‘షిబ్బోలెతు’ అనుమనగా వారు ‘సిబ్బోలెతు’ అనిరి; ఆ యొక్క యక్షరముచేత 42,000 మంది కూలిరి. బాల్యమున నిది మాకు అతిశయోక్తిగా దోచెడిది. ఇప్పు డట్లు తోచదు.

ఈ వ్యాధిని 1910లో అమెరికాలోని చికాగో నగరమున జేమ్స్ హెరిక్ అను వైద్యుడు మొదట వర్ణించి ప్రకటించెను. 1949లో లైనస్ పాలింగును ఆయన సహచరులును రోగి హిమోగ్లోబిను విద్యుత్క్షేత్రమున వేఱు వేగముతో నడచునని చూపి, దోషము అణువునందే యున్నదనిరి. గ్లుటామికు ఆమ్లమునకు గల ఋణవిద్యుత్తు వాలీనునకు లేకపోవుటయే యందులకు గారణము. ఆ పూస యేదో 1956, 57 సంవత్సరములలో వెర్నన్ ఇంగ్రాము కనుగొనెను. మన దేశమునం దిది కలదని 1952లో లేమన్, కట్‌బుష్ అనువారు నీలగిరులలోని గిరిజనుల రక్తమును బరీక్షించి తెలిపిరి. ఒక్క ప్రతి మాత్రమే మాఱినవారికి మలేరియా తీవ్రరూపము నుండి కొంత రక్షణ గలదని 1954లో ఆంథొనీ ఆలిసన్ ప్రకటించెను. చలిజ్వరము తరతరములుగా గాపురమున్న అడవులలో నీ యక్షరము నశింపక నిలుచుటకు గారణ మిదియే.

ఇక మా తప్పు.

మాకు రెండు పరీక్షాశాలల నుండి రెండు పత్రములు వచ్చెను. రెంటిని గలిపి యొక్క పట్టిక చేయవలెను. ఒకదానిలో దోషము 6వ పూసయందనియు, రెండవదానిలో 7వ పూసయందనియు నుండెను. మేము రెండు వేర్వేఱు దోషములని తలచి రెండు గళ్ళు గీసితిమి. అదే కార్యాలయమున మాకు పై పనిలోనున్న యొక యక్కగారు దానిని జూచి, “తమ్ముడూ, మీ యూరిలో వడ్లు కొలుచుట నెన్నడైన జూచితివా?” యని యడిగిరి.

చూడకేమి! మా తాతగారు కళ్ళమున గొలుచునపుడు ‘ఒకటి’ యనెడివారు కారు. మొదటి కుంచమునకు ‘లాభము’ అని, పిదప ‘రెండు’, ‘మూడు’ అని సాగెడివారు. లాభమను మాట శుభమునకై పలికినదే గాని లెక్కలోనిది కాదనుకొను క్రొత్తవానికి బస్తాకొక కుంచము తప్పిపోవును. బీటా దండకును అట్టి లాభమొకటి కలదు. ఏ దండ గ్రుచ్చుటకైనను ఏటీజీ యను మాటతోనే మొదలు. అది మెథియోనీను అను పూసను దెచ్చును. బీటా దండలో నా మొదటి పూస కొలదికాలములోనే తెగి పడిపోవును. ప్రోటీనును బట్టి లెక్కించిన పూర్వులకు ఆ పూస కనబడలేదు, కావున వారు దాని తరువాతిదానిని ఒకటి యనిరి. జన్యువును జదివి లెక్కించు నేటివారు లాభమునుగూడ లెక్కించుచున్నారు. అక్కగారు కాగితముపై నిట్లు వ్రాసి మా వ్రేళ్ళతోనే లెక్కింపించిరి: ఏటీజీ, జీటీజీ, సీఏటీ, సీటీజీ, ఏసీటీ, సీసీటీ, జీఏజీ. లాభముతో నేడు, లాభము లేక ఆఱు. వ్యాధి యొక్కటే.

ఇంతటితో నయినచో నవ్వుకొని యూరకుండెడివారము. రెండవ తప్పు నవ్వదగినది కాదు.

డి.ఎన్.ఏ. రెండు పేటల త్రాడు. ఒక పేటయందు ఏ యున్నచో దాని కెదుట రెండవ పేటయందు టీ యుండును. జీ యున్నచో సీ యుండును. పైగా ఆ రెండు పేటలును ఒకే దిక్కునకు జదువబడవు. హైదరాబాదు వీథులలో నొకే పలకపై తెలుగు ఎడమనుండి కుడికిని, ఉర్దూ కుడినుండి యెడమకును వ్రాయబడియుండుట చూచుచున్నాము గదా, ఇదియు నట్టిదే. కావున ఒక పేటయందు జీఏజీ యను మాట రెండవ పేటనుండి చదువువానికి సీటీసీ యని కనబడును. జీటీజీ యనునది సీఏసీ యని కనబడును. మానవ డి.ఎన్.ఏ. యంతటికిని శాస్త్రజ్ఞులు ఒక పటము తయారుచేసి, అందు ప్రతి క్రోమోసోమునకును ఒక్క పేటను మాత్రమే వ్రాసియుంచిరి. బీటా దండ జన్యువు 11వ క్రోమోసోముపై నున్నది. అది పటములో వ్రాసిన పేటపై గాక దాని యెదుటి పేటపై నున్నది. కనుక జన్యువు ననుసరించి వ్రాయువారు ‘ఏ మాఱి టీ యయ్యెను’ అందురు. పటము ననుసరించి వ్రాయువారు ‘టీ మాఱి ఏ యయ్యెను’ అందురు. ఇద్దరును సత్యమే పలుకుచున్నారు.

మాకు వచ్చిన మొదటి పత్రము జన్యువు ననుసరించినది. అందు ఆరోగ్యవంతునకు ఏఏ, రెండు ప్రతులును మాఱినవానికి టీటీ. రెండవ పత్రము పటము ననుసరించినది. అందు ఆరోగ్యవంతునకు టీటీ, రోగికి ఏఏ. ఇది యెఱుగక మేము రెంటను టీటీ యున్నవారినందరిని రోగులుగా లెక్కించితిమి. అక్కగారు పట్టిక తెఱచి, “తమ్ముడూ, దీని ప్రకారము ఆ యూళ్ళలో పొలము పోగలవా డొక్కడును మిగులడే!” యనిరి. వారి నవ్వు మా చెవులలో నింకను ఉన్నది. అయితే రాత్రి గదికి వచ్చిన పిదప మాకు దట్టినది వేఱు సంగతి. ఆరోగ్యవంతులను రోగులుగా వ్రాసిన తప్పు వారి సంఖ్యచేతనే బయటపడినది. రెండవ పత్రమున ఏఏ యనియున్న నిజమైన రోగులను మే మారోగ్యవంతులుగా వ్రాసియుంటిమి. వారు కొందరే. వారిని వెదకువా డెవ్వడు?

వేఱొక యక్షరమైనచో కన్నులే పట్టియిచ్చెడివి. ఏ మాఱి జీ యగు దోషమును ఎదుటి పేటనుండి చదివినచో టీ మాఱి సీ యని కనబడును. అక్షరములు వేఱగుటచే ‘ఇదేమి’ యని సందేహము పుట్టును. కాని ఏ, టీ లు ఒండొంటికి జతలు. ఏ పేటనుండి చూచినను ఆ రెండక్షరములే. ఇట్టి చోట అక్షరములను జూచి పేటను గనుగొన నెవరి తరము గాదు, వ్రాసినవాడు చెప్పవలసినదే. చోటు సంఖ్యయు నిట్టిదే. పటమును శాస్త్రజ్ఞులు సవరించుచు వచ్చిరి. 2009 నాటి కూర్పున 52,48,232వ స్థానమున నున్న యీ యక్షరమే 2013 నాటి కూర్పున 52,27,002వ స్థానమున నున్నది. కొన్ని పత్రములలో లెక్క ఒకటితో గాక సున్నతో మొదలగును. అక్షరము కదలలేదు, కొలబద్ద కదలినది.

మా పట్టికను మరల మొదటినుండి చేసితిమి. కార్యాలయము దాటి యది పోకమునుపే తప్పు దొరకినది. అందుల కక్కగారికి మే మెంతయు ఋణపడియున్నాము.

గత క్రిస్మసు సెలవులకు మేము ఊరికి బోగా చిన్నమ్మ మాకు భోజనమైన పెట్టక మునుపే యొక చీటిని జేతబెట్టెను. 2023 జూలై 1న మధ్యప్రదేశమునందలి షహడోలులో ప్రారంభింపబడిన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమమున తెలంగాణముతో గూడ 17 రాష్ట్రములు చేరియున్నవి. 2047 నాటికి వ్యాధిని రూపుమాపుట దాని యాశయము. అట్టి పరీక్ష యొకటి మా చెల్లెలికి జరిగినది. చీటిపై ‘పాజిటివ్’ అను మాట తప్ప మఱేమియు లేదు.

“ఇదేంది కొడుకా, పిల్లకు రోగం ఉందని రాసిచ్చారు. మా తమ్ముడోళ్ళు ఇక ఆ ఊసే ఎత్తటంలా” అని చిన్నమ్మ కన్నీరు పెట్టుకొనెను. చెల్లెలిని మా మేనమామ కుమారునకే యిచ్చుటకు మాటలైయున్నవి.

ఆ చీటి యే పరీక్షదో యడిగి తెలిసికొంటిమి. ఒక బొట్టు రక్తమును మందునీటిలో గలిపి చూచునది. కొడవలి హిమోగ్లోబి నున్నచో నీరు మసకబారి, గొట్టము వెనుకనున్న గీతలు కనబడవు. ఇది చవుకైనది, త్వరితమైనది. కాని ఒక్క ప్రతి మాఱినవారికిని మసకబారును, రెండు ప్రతులును మాఱినవారికిని మసకబారును. మొదటివారు రోగులు కారు. తమ బిడ్డలకు ఆ యక్షరము నీయగలవారు మాత్రమే. ఏది యేదియో తేల్చుటకు హిమోగ్లోబినులను విడదీసి చూపు రెండవ పరీక్ష కావలెను. ‘పాజిటివ్’ అను నొక్క మాటలో నీ రెండు స్థితులను గలిపివేసిన చీటికిని, పేట పేరు వ్రాయని మా పట్టికకును భేదమేమి? ఆ చీటి వ్రాసినవారిపై మాకు గోపము రాకపోవుటకు గారణ మిదియే.

చిన్నమ్మకు వడ్లగింజలతో జెప్పితిమి. చేటలో రెండు తెల్లగింజలు, రెండు నల్లగింజలు వేసి, తల్లికి నొక తెలుపు, నొక నలుపు; తండ్రికి నట్లే. బిడ్డ ఒక్కొక్కరియొద్ద నొక్కొక్కటి తీసికొనును. రెండును నల్లనివి వచ్చుట నాలుగింట నొక పాలు. “అంటే నలుగురు పుడితే ఒకళ్ళకా?” యని యామె యడిగెను. కాదు, ప్రతి కాన్పునకును గింజలను మరల చేటలో వేసి తీయవలెను. మొదటి బిడ్డకు వచ్చినదని రెండవ బిడ్డకు రాకమానదు. ఇది చెప్పుచుండగానే మా నోట మాట తడబడినది. చెల్లెలి నల్లగింజ చిన్నమ్మనుండి వచ్చినదైనచో అది మా యమ్మమ్మనుండియో తాతనుండియో వచ్చియుండును. అట్లయినచో మేనమామకును రావచ్చును, ఆయన కుమారునకును రావచ్చును. మేనరికమున గల చిక్కు ఇదే. మఱియు చిన్నమ్మకు తోబుట్టువు మా యమ్మయే గదా! వేలకొలది మనుష్యుల యక్షరములను వరుసల నిలిపిన మేము మా రక్తము నొకనాడైనను బరీక్షింపించుకొని యుండలేదు.

మఱునాడు ఉదయమే చెల్లెలు, బావ, మేము ముగ్గురమును ఆసుపత్రికి బోయి రక్త మిచ్చితిమి. బావ మొదట రాననెను. “పిల్లదాని చీటి చూసి మొహం చాటేశావు, నీ చీటి ఎవడు చూడాలిరా?” యని మేనమామయే గద్దించి పంపెను. ఆయన యట్లనునని మే మనుకొనలేదు.

కొన్ని దినములకు కాగితములు వచ్చినవి. చెల్లెలికి ఏఎస్. బావకు ఏఏ. ఇచట ఏ యనగా అడినైను గాదు. సామాన్యమైన హిమోగ్లోబినునకు బెట్టిన పేరు. ఎస్ అనగా కొడవలిది. ఈ పేర్లు పెట్టినవారు మావంటి కంపోజిటరులను దలచుకొని యుండరు. ఒకరికే నల్లగింజ యున్నది గావున వారి బిడ్డలలో రోగి యుండడు. సగము పాలు చెల్లెలివంటివారు గావచ్చును. ఈ మాట చిన్నమ్మ నాలుగుసార్లు చెప్పించుకొని, చేటను దీసికొని గింజలను దానే వేసి చూచికొనెను. పెండ్లి మాటలు మరల సాగుచున్నవి.

మూడవ కాగితము మాది. దానిపైనను ఏఎస్ అనియే యున్నది. అది యిప్పు డెచటనో యొక పట్టికలో నొక వరుసయై యుండును. ఆ వరుసను వ్రాయువారు ఏ పేటనుండి చదివిరో, లెక్క ఎచట మొదలిడిరో ప్రక్కన వ్రాసియుందురని తలచుచున్నాము.